నెల్లూరులో ప్రైడ్ ర్యాలీ సంగతి తర్వాత, ముందు అర్జీ రాయడం నేర్చుకోండి

మీ ప్రశ్న కుదించి చెప్తే ఇదీ. కావలిలో చదువుకుంటున్న ఆరేడుగురు స్నేహితులు. వాళ్లలో ఇద్దరు గే, ఒకరు ట్రాన్స్ మహిళ, మిగతావాళ్లు వాళ్లకు తోడు నిలబడ్డవాళ్లు. జూన్‌లో నెల్లూరు గాంధీబొమ్మ సెంటర్ నుంచి వీఆర్సీ దాకా ప్రైడ్ ర్యాలీ చేద్దామనుకుంటున్నారు. పోలీసులు పర్మిషన్ ఇస్తారా, ఎల్జీబీటీక్యూ (గే, లెస్బియన్, ట్రాన్స్ లాంటివాళ్ల) హక్కుల కోసం క్యాంపెయిన్ చేయాలంటే అసలు ఎక్కడ మొదలుపెట్టాలి, ఏమేం తెలిసుండాలి అని అడిగారు.

నేను నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో హెచ్ఐవీ ప్రాజెక్టుల ఫీల్డ్ పనితో మొదలై, ఆ తర్వాత కమ్యూనిటీ వాళ్ల కేసులు పట్టుకుని స్టేషన్లూ కలెక్టరేట్లూ తిరిగిన మనిషిని. కొంచెం పొడుగ్గానే చెప్తా, ఓపిగ్గా చదవండి.

పర్మిషన్ సంగతి ముందు తేల్చేద్దాం. ఎవరు నిర్వహిస్తున్నారు, తేదీ, టైము, రూటు, ఎంతమంది వస్తారు, మైకు ఉంటుందా, బాధ్యుల ఫోన్ నంబర్లు, ఇవన్నీ రాసి డీఎస్పీ ఆఫీసులో దరఖాస్తు ఇవ్వాలి. మన దగ్గర ఎప్పుడు అడిగినా "30 యాక్ట్ అమల్లో ఉంది" అనే మాట వినిపిస్తుంది. అంటే 1861 నాటి పోలీసు చట్టంలోని 30వ సెక్షన్. దాని కింద ఊరేగింపులకు, సభలకు ముందుగా లైసెన్సు తీసుకోమని అడగొచ్చు, షరతులు పెట్టొచ్చు. మొత్తానికే కుదరదు అంటే ఆ మాట కాగితం మీద రాసివ్వమనండి, సగం సార్లు అక్కడే మెత్తబడతారు. అడిగే విధానం తెలిస్తే పర్మిషన్ పెద్ద సమస్యేమీ కాదు.

అసలు సమస్య వేరే. ట్రంకు రోడ్డు మీద నడిస్తే ప్రతి పది షాపులకీ ఎవరో ఒకరి మేనమామో, నాన్న స్నేహితుడో కూర్చుని ఉంటాడు. హైదరాబాద్‌లో నడిచినవాడు సాయంత్రానికి జనంలో కలిసిపోతాడు. నెల్లూరులో నడిచినవాడి ఫొటో వాడు ఇల్లు చేరేలోపే ఫ్యామిలీ గ్రూపులో ఉంటుంది. ఇంకా ఇంట్లో చెప్పని పిల్లలు, నాన్న డబ్బుతో హాస్టల్లో ఉంటున్నవాళ్లు, రేపు పెళ్లిచూపులు పెట్టేస్తారేమోనని బిక్కుబిక్కుమంటున్న అమ్మాయిలు, వాళ్లకు మీ ర్యాలీ ఏమిస్తుందో ఒకసారి ఆలోచించండి. 1999లో కోల్‌కతాలో మన దేశపు మొదటి ప్రైడ్ నడక జరిగితే నడిచింది పదిహేను మంది. వాళ్ల ధైర్యానికి దండం పెట్టాల్సిందే. కానీ నడకే మొదటి మెట్టు కావాలని రూలేం లేదు. ఇది నా అభిప్రాయం, ఒప్పుకోని వాళ్లు చాలామంది ఉన్నారు, వాళ్లతో నేను గొడవ పడను.

మరి మొదటి మెట్టు ఏంటి? ఉద్యమం ఎలా చేయాలో తెలుసుకోవడానికి మన జిల్లావాళ్లు అమెరికా దాకా వెళ్లక్కర్లేదు, సారా వ్యతిరేక ఉద్యమం మొదలైన కలిగిరి మండలం దూబగుంట దాకా వెళ్తే చాలు. 1990ల మొదట్లో అక్షరాస్యత బడుల్లో కూర్చున్న ఆడవాళ్లు "మద్యపానం నశించాలి" అని ఢిల్లీకి ఉత్తరాలు రాయలేదు. మా ఊళ్లో సారా కొట్టు మూయాలి, అంతే. ఆ కొట్టు ఎవరిది, ఎవరు మూయగలరు, ఏ రోజు సరుకు వస్తుంది, అన్నీ వాళ్లకు తెలుసు. అది మూతపడ్డాక పక్క ఊరు అందుకుంది, ఆ తర్వాత సారా వేలంపాటలే ఆపేశారు. 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం. ఆ నిషేధం ఎన్నాళ్లు నిలిచిందనేది వేరే కథ. మనం చూడాల్సింది ఏంటంటే, దెబ్బ తిన్నవాళ్లే ముందు నిలబడ్డారు, అడిగింది ఒకే ఒక్కటి, ఆ పని చేయగలిగినవాడినే అడిగారు.

ఇప్పుడు మీ పోస్టులో "సమాన హక్కులు కావాలి" అని ఉంది కదా. ఎవరిని అడుగుతున్నారు? కావలి మున్సిపల్ కమిషనర్ సమాన హక్కులు ఇవ్వగలడా? ఇవ్వలేడు. కానీ బస్టాండు దగ్గర పబ్లిక్ టాయిలెట్లో ట్రాన్స్ మహిళను తరిమేస్తున్న కాంట్రాక్టర్‌కి నోటీసు ఇవ్వగలడు. కాలేజీ ప్రిన్సిపాల్ పెళ్లి చట్టాన్ని మార్చలేడు, కానీ "తేడాగాడు" అని రోజూ ఏడిపించే సీనియర్ల మీద ర్యాగింగ్ కేసు పెట్టించగలడు. 2016లో యూజీసీ తన ర్యాగింగ్ నిరోధక నిబంధనలు సవరించి, లైంగికతను బట్టి, జెండర్ గుర్తింపును బట్టి వేధించడం కూడా ర్యాగింగే అని రాసింది. ఈ సంగతి చాలా కాలేజీల్లో లెక్చరర్లకే తెలియదు. ప్రింటు తీసుకెళ్లి టేబుల్ మీద పెట్టండి. పెద్ద లక్ష్యం మనసులో ఉంచుకోండి, అర్జీలో మాత్రం చిన్నది రాయండి.

అలా అడగాలంటే చట్టం ఎక్కడిదాకా వచ్చిందో మీ ఏడుగురికీ నోటికి రావాలి. ముఖ్యమైనవి చెప్తా. స్వలింగ సంబంధాన్ని నేరం చేసిన 377 సెక్షన్ బ్రిటిష్‌వాళ్లు 1860లో ఇండియన్ పీనల్ కోడ్‌తో పాటు తెచ్చింది. దాని మీద నాజ్ ఫౌండేషన్ అనే స్వచ్ఛంద సంస్థ 2001లో ఢిల్లీ హైకోర్టుకు వెళ్లింది, 2009లో గెలిచింది, 2013లో సుప్రీంకోర్టు ఆ తీర్పును తిప్పేసింది, చివరికి 2018 సెప్టెంబర్ 6న ఐదుగురు జడ్జీల బెంచ్, ఇష్టపూర్వకంగా కలిసిన పెద్దవాళ్ల మధ్య సంబంధం నేరం కాదని తేల్చింది. పదిహేడేళ్లు పట్టింది, మధ్యలో ఒకసారి గెలిచింది కూడా పోయింది. రెండు నెలల్లో ఏమీ జరగలేదని మీ గ్రూపులో ఎవరైనా అలిగితే ఈ లెక్క చెప్పండి. 2024 జులై 1 నుంచి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 377 లాంటి సెక్షనే లేదు. అది మంచిదే అనిపిస్తుంది కానీ, దాంతో పాటు మగవాళ్ల మీద జరిగే లైంగిక దాడికి ఉన్న ఒక్క సెక్షనూ పోయింది. ఇది ఢిల్లీ స్థాయిలో అడగాల్సిన విషయం, మీ మొదటి సంవత్సరం పని కాదు.

ట్రాన్స్‌జెండర్లకు దారి వేరుగా నడిచింది. 2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు నల్సా (జాతీయ న్యాయ సేవాధికార సంస్థ) కేసు తీర్పు, తన జెండర్ ఏదో చెప్పుకునే హక్కు ఆ మనిషిదే అని. తర్వాత 2019 చట్టం, 2020 రూల్స్. కలెక్టర్ ఇచ్చే గుర్తింపు సర్టిఫికెట్, దాని కోసం ఆన్‌లైన్ పోర్టల్, ఇవన్నీ వాటి నుంచే వచ్చాయి. ఆ చట్టం చేసినప్పుడు ట్రాన్స్ వ్యక్తి మీద లైంగిక దాడి చేసినా ఆరు నెలల నుంచి రెండేళ్ల శిక్షే పెట్టారు. స్త్రీ మీద అత్యాచారానికి పదేళ్లకు తగ్గని శిక్ష ఉన్న దేశంలో ఇదేం లెక్క అని అప్పటినుంచీ కమ్యూనిటీ అడుగుతూనే ఉంది. ఒక్క జాగ్రత్త, ఈ చట్టాలకు, రూల్స్‌కు సవరణలు వస్తూ ఉంటాయి. ఎవరో వాట్సాప్‌లో పంపిన పాత పీడీఎఫ్ పట్టుకుని ఆఫీసుకు వెళ్లొద్దు, అర్జీ రాసే రోజున ఇండియా కోడ్ అనే ప్రభుత్వ చట్టాల సైట్‌లో ఉన్న పాఠం తీసి చూసుకోండి.

పెళ్లి గురించి అందరూ అడుగుతారు కాబట్టి ఒక్క ముక్క. 2023 అక్టోబర్ 17న సుప్రీంకోర్టు, స్వలింగ జంటల పెళ్లిని గుర్తించడం మా పని కాదు, పార్లమెంటు చూసుకోవాలి అంది. ట్రాన్స్ మహిళ మగవాణ్ని పెళ్లి చేసుకోవడానికి ఇప్పుడున్న చట్టాలే సరిపోతాయని అదే తీర్పులో ఉంది. ఇక మన ఒంగోలు సంగతి చూడండి. ఇక్కడి ఓ ట్రాన్స్ మహిళ భర్త మీదా అత్తింటివాళ్ల మీదా పెట్టిన వేధింపుల కేసు హైకోర్టుకు వెళ్తే, 2025 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, ట్రాన్స్ మహిళ కూడా స్త్రీయే, పాత పీనల్ కోడ్‌లోని వేధింపుల సెక్షన్ 498ఏ కింద ఫిర్యాదు చేయొచ్చు అని చెప్పింది. ఆ కేసులో సరైన ఆధారాలు లేవని కొట్టేశారు, నిజమే. కానీ ఆ సూత్రం నిలబడింది. స్టేషన్లో "మీకు ఈ సెక్షన్ వర్తించదమ్మా" అని ఎవరైనా అంటే, ఢిల్లీ తీర్పుల కంటే ఒంగోలు నుంచే వెళ్లిన కేసు అని చెప్తే ఎక్కువ పనిచేస్తుంది. ఎస్సై గారు కుర్చీలో కొంచెం ముందుకు జరుగుతారు.

ఇక అసలు పనిముట్టు, సోమవారం గ్రీవెన్సు. పీజీఆర్ఎస్ (ప్రజా సమస్యల పరిష్కార వేదిక) అని బోర్డు ఉంటుంది, జనం మాత్రం ఇప్పటికీ పాత పేర్లతో స్పందన అంటారు, మీకోసం అంటారు. సోమవారం పొద్దున కలెక్టరేట్‌కు వెళ్లి అర్జీ ఇస్తే కంప్యూటర్లో ఎక్కిస్తారు, నంబర్ ఇస్తారు, ఏ అధికారికి పంపారో ఉంటుంది, గడువు ఉంటుంది. ఎస్పీ ఆఫీసులోనూ సోమవారమే ఉంటుంది. 1100కి ఫోన్ చేసి ఆ నంబర్ స్టేటస్ అడగొచ్చు. ఖర్చు లేదు, లాయర్ అక్కర్లేదు.

మొదటి అర్జీ ఎలా ఉండాలో ఒకటి రాసి చూపిస్తా.

"జిల్లా కలెక్టర్ గారికి. విషయం: జిల్లాలో ట్రాన్స్‌జెండర్ ప్రొటెక్షన్ సెల్ గురించి. అయ్యా, ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల రక్షణ రూల్స్, 2020 ప్రకారం ప్రతి జిల్లాలో కలెక్టర్ గారి ఆధ్వర్యంలో ఒక ప్రొటెక్షన్ సెల్ ఉండాలి. మన జిల్లాలో ఆ సెల్ ఏర్పాటు చేశారా, చేసి ఉంటే దాని బాధ్యులైన అధికారి పేరు, ఫోన్ నంబర్, సభ్యుల వివరాలు తెలియజేయగలరు. చేయకపోతే ఏర్పాటు చేసి, ఆ నంబర్‌ను అన్ని పోలీస్ స్టేషన్లలో, సచివాలయాల్లో అంటించేలా ఆదేశాలు ఇవ్వగలరు."

ఇంతే, ఒక పేజీ కూడా నిండదు. ఇందులో ఏడుపు లేదు, ఉపన్యాసం లేదు. రూల్ ఉంది, ప్రశ్న ఉంది, చేయాల్సిన పని ఉంది. అర్జీ కింద సంతకం ఇంట్లో విషయం తెలిసినవాళ్లు లేదా తోడుగా ఉన్న మిత్రులు మాత్రమే పెట్టాలి. రెండు కాపీలు తీసుకెళ్లి ఒకదాని మీద స్టాంపు వేయించుకోండి. ఆ స్టాంపు కాపీని ఫొటో తీసి ఒక ఫైల్లో పెట్టుకోండి, రేపు మీ క్యాంపెయిన్ బలమంతా ఆ ఫైలే.

మీ అర్జీ చివరికి చేరేది విభిన్న ప్రతిభావంతులు, హిజ్రాలు, వయోవృద్ధుల సంక్షేమ శాఖ ఏడీ (అసిస్టెంట్ డైరెక్టర్) గారి టేబుల్‌కి. అక్కడ సాధారణంగా వచ్చే మాట, "మీకు పింఛనొస్తందిగా, ఇంకేం గావాల?" అని. కోపం తెచ్చుకోకండి. అవును, ఎన్టీఆర్ భరోసా పింఛను పథకం కింద ట్రాన్స్‌జెండర్లకు 2024 జులై నుంచి నెలకు 4,000 వస్తోంది. ఎంతమందికి వస్తోంది, ఎంతమంది సర్టిఫికెట్ లేక ఆగిపోయారు అని మర్యాదగా తిరిగి అడగండి. నోటితో చెప్పకపోతే ఆర్టీఐ ఉంది. మన రాష్ట్రంలో గ్రామస్థాయి ఆఫీసులో ఫీజు లేదు, మండలంలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. ముప్పై రోజుల్లో జవాబు రావాలి, రాకపోతే మొదటి అప్పీలు. ఆర్టీఐలో "ఎందుకు చేయలేదు" అని అడిగితే జవాబు రాదు, ఎందుకంటే అది సమాచారం కాదు అంటారు. "ఎన్ని దరఖాస్తులు వచ్చాయి, ఎన్ని ఇచ్చారు, ఎన్ని పెండింగు, ఒక్కోదానికి ఎన్ని రోజులు పట్టింది" అని అడగండి. ఆ నాలుగు అంకెలు చేతికొచ్చాక విలేకరులు మిమ్మల్ని వెతుక్కుంటూ వస్తారు. లెక్కల విషయం తేలిగ్గా తీసుకోవద్దు. 2011 జనాభా లెక్కల్లో స్త్రీ, పురుషుడు కాక "ఇతరులు" అని దేశంలో 4,87,803 మందిని రాసుకున్నారు. అందులో ఎంతమంది భయపడి రాయించుకోలేదో ఎవరికీ తెలియదు, కానీ బడ్జెట్లు ఆ అంకె చూసే వేస్తారు.

ఇంకో మాట. మీ గ్రూపులో ట్రాన్స్ మహిళ ఒకరే ఉన్నారన్నారు. నెల్లూరులో, ఒంగోలులో గురువు, చేలాలు (శిష్యులు) అని పెద్ద కుటుంబాలే ఉన్నాయి, వాళ్లకు వాళ్ల పెద్దలున్నారు. మీరు క్యాంపెయిన్ మొదలుపెట్టే ముందు వెళ్లి ఆ పెద్దలను కలవండి. కాలేజీ పిల్లలం వచ్చాం, మీకు హక్కులు తెచ్చిపెడతాం అన్న ధోరణితో వెళ్తే గడప దాటనివ్వరు, సరైన పనే. "అమ్మా, మీకు అన్నిటికంటే ఇబ్బంది ఏది" అని అడిగి ఊరుకోండి. అద్దె ఇల్లు దొరకడం లేదంటారు, రైల్లో ఆర్పీఎఫ్ (రైల్వే రక్షణ దళం) వాళ్లతో ఇబ్బందంటారు, ఆసుపత్రిలో మగవాళ్ల వార్డులో పడుకోబెట్టారంటారు. ప్రైడ్ అనే మాట బహుశా ఒక్కరి నోటా రాదు. అలాగే మీ గే మిత్రుల అవసరాలు వేరు. వాళ్లకు సర్టిఫికెట్ అక్కర్లేదు, బలవంతపు పెళ్లి తప్పించుకోవాలి, గుట్టు బయటపడకూడదు, బ్లాక్‌మెయిల్ చేసినవాడు జైలుకెళ్లాలి. లెస్బియన్ అమ్మాయిలకైతే ఇల్లు కదలడమే గండం. ఒకే బ్యానర్ కింద నిలబడండి, కానీ డిమాండ్లు ఎవరివి వాళ్లను రాయనివ్వండి.

అర్ధరాత్రి ఫోన్ వచ్చే రోజు గురించి ఇప్పుడే చెప్పుకోవాలి, ఎందుకంటే క్యాంపెయిన్ మొదలుపెట్టిన నెలలోనే మీ నంబర్ పది మంది చేతుల్లోకి వెళ్తుంది. ఇద్దరు అమ్మాయిలు కలిసి బతుకుదామని వెళ్లిపోయారు, ఒకమ్మాయిని తల్లిదండ్రులు వచ్చి లాక్కెళ్లి ఇంట్లో పెట్టారు, ఫోన్ స్విచాఫ్. ఇలాంటిదే 2024 డిసెంబర్‌లో మన హైకోర్టులో జరిగింది. విజయవాడ అమ్మాయి తన భాగస్వామి కోసం హెబియస్ కార్పస్ (నిర్బంధించిన మనిషిని కోర్టు ముందుకు తెమ్మనే పిటిషన్) వేసింది, పోలీసులు నర్సీపట్నంలో తండ్రి ఇంట్లో ఉన్న అమ్మాయిని తెచ్చి హాజరుపరిచారు, ఆమె మేజర్, ఎవరితో ఉండాలో ఆమె ఇష్టం అని కోర్టు పంపించేసింది. అదే ఏడాది మార్చిలో సుప్రీంకోర్టు ఇలాంటి కేసులకు సూచనలు ఇచ్చింది. కోర్టు ఆ మనిషితో విడిగా మాట్లాడాలి, తల్లిదండ్రుల ఎదురుగా కాదు. కౌన్సెలింగ్ పేరుతో మనసు మార్చే పని చేయకూడదు. ఈ రెండు తీర్పులూ ప్రింటు తీసి ఉంచుకోండి.

కానీ కోర్టుకు వెళ్లాలంటే అంతకుముందే ఒక కాగితం ఉండాలి. ఇంట్లో పరిస్థితి బిగుసుకుంటోందని అనిపించిన మేజర్ అమ్మాయి గానీ అబ్బాయి గానీ ముందే ఒక ఉత్తరం రాసి పెట్టుకోవాలి: నా వయసు ఇంత, నేను నా ఇష్టంతోనే ఇల్లు వదిలాను, నన్నెవరూ ఎత్తుకుపోలేదు, నగలు డబ్బు ఏమీ తీసుకోలేదు, నా తల్లిదండ్రులు మిస్సింగ్ కేసు పెడితే ఈ ఉత్తరమే నా స్టేట్‌మెంట్, నా ప్రాణానికి రక్షణ కావాలి. తేదీ, సంతకం, ఆధార్, పదో తరగతి మార్కుల మెమో కాపీలు. ఇల్లు దాటిన రోజునే ఎస్పీ ఆఫీసుకు మెయిల్‌లో, రిజిస్టర్డ్ పోస్టులో పంపాలి. నగల మాట తప్పకుండా రాయాలి, ఎందుకంటే ఇల్లు వదిలినవాళ్ల మీద మొదట పెట్టేది దొంగతనం కేసే. ఆధార్, మార్కుల లిస్టుల స్కాన్‌లు మీ ఇంట్లోవాళ్లకు తెలియని మెయిల్‌లో ఈ రోజే పెట్టుకోండి. లాయర్ ఫీజు లేదంటే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్‌ను ఇస్తారు, 1987 చట్టంలోనే ఉంది. 15100 వాళ్ల నంబర్. 18 నిండని పిల్లల విషయంలో మాత్రం మీరు సొంతంగా ఇంట్లో దాచడం లాంటివి చేయొద్దు, కిడ్నాప్ కేసు మీ మెడకు చుట్టుకుంటుంది. చైల్డ్ హెల్ప్‌లైన్ 1098కి చెప్పి, పక్కన ఉండండి.

యాప్‌లో పరిచయమై, మైపాడు రోడ్డులో ఏ చీకట్లోకో పిలిచి, నలుగురు చుట్టుముట్టి వీడియో తీసి ఫోన్‌పే కొట్టించుకోవడం, ఇది మన దగ్గర మగపిల్లలకు జరిగే మామూలు దోపిడీ. పోయిన డబ్బు కంటే "ఇంట్లో చెప్తాం" అన్న మాటకే పిల్లలు చచ్చిపోయేంత టెన్షన్ పడతారు. డబ్బు ఆన్‌లైన్లో పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చేయాలి, గంటల్లో చేస్తే ఆపే అవకాశం ఉంటుంది. ఫిర్యాదు బెదిరించి డబ్బు లాగడం గురించి, అంటే బీఎన్ఎస్ (భారతీయ న్యాయ సంహిత) 308వ సెక్షన్. "అక్కడికి ఎందుకెళ్లావ్" అంటే "పరిచయస్తుణ్ని కలవడానికి" అన్నది నిజమే, చాలు కూడా. మీరు ఎవరన్నది అక్కడ చెప్పుకోవాల్సిన పని లేదు. మా పరిధి కాదు అంటే పరిధితో పని లేకుండా ఏ స్టేషన్లోనైనా రాసుకోవాల్సిన జీరో ఎఫ్ఐఆర్ అడగండి, అసలు తీసుకోకపోతే బీఎన్ఎస్ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) 173(4) కింద ఎస్పీకి పోస్టులో, ఆ తర్వాత మేజిస్ట్రేట్. ఒంటరిగా పంపకండి, మీ గ్రూపులో మాట నిదానంగా మాట్లాడేవాళ్లు ఇద్దరు వెంట వెళ్లాలి. నోరు పెద్దవాణ్ని తీసుకెళ్తే కేసు పక్కకెళ్లి గొడవ మిగులుతుంది.

"మార్పిస్తాం" అనే డాక్టర్ల గురించి. జాతీయ వైద్య కమిషన్ 2022లో రాష్ట్ర మెడికల్ కౌన్సిళ్లకు రాసింది, కన్వర్షన్ థెరపీ (అంటే ఈ "మార్చే" వైద్యం) చేయడం వృత్తిపరమైన తప్పిదం అని. కాబట్టి ప్రిస్క్రిప్షన్ చీటీ, బిల్లు పారేయకండి, కౌన్సిల్‌కు ఫిర్యాదు వేయొచ్చు. కరెంట్ షాకు, హార్మోన్ ఇంజెక్షన్, కూర్చోబెట్టి తిట్టడం, ఏదైనా సరే. పిల్లాడిని ఏ ప్రార్థనకో, పసరు వైద్యానికో తీసుకెళ్లే అమ్మానాన్నలతో మాత్రం చట్టం మాట్లాడకండి. వాళ్లకు కావాల్సింది తమలాంటి ఇంకో అమ్మ. బయటికి వచ్చి మాట్లాడగలిగే తల్లి ఒక్కరు మీకు దొరికితే పది కరపత్రాల పని ఆమె ఒక్కరే చేస్తుంది. మనసు బాగా కుంగిన పిల్లలకు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416, తెలుగులోనే మాట్లాడతారు.

"ఇది మన సంస్కృతి కాదు" అనేవాళ్లకు మీ పోస్టులో శిఖండి, అర్ధనారీశ్వరుడు అని పెద్ద జాబితా రాశారు. నెల్లూరులో కూర్చుని తిక్కన రాసిన విరాటపర్వంలో బృహన్నల ఉంది కదా అని నేనూ ఒకప్పుడు ఉత్సాహంగా చెప్పేవాణ్ని. వింటారు, తలూపుతారు, "అది శాపం కదండీ, ఏడాదికి అయిపోయింది" అంటారు. వాదన గెలవదు, టైం పోతుంది. "మీ అబ్బాయి క్లాసులో ఒకడు ఇలా ఉంటే వాణ్ని కొట్టడం కరెక్టేనా" అని అడిగితే ఎక్కువమంది కాదనే అంటారు. అక్కడినుంచి మాట్లాడండి. అందరూ మనల్ని ప్రేమించాలని మనం అడగడం లేదు, కొట్టొద్దు, తరమొద్దు, ఉద్యోగం తీయొద్దు అంటున్నాం.

మీడియాతో జాగ్రత్త అంటే భయపడమని కాదు. ఫొటో వద్దు అని ముందే చెప్పండి, పేరు మారుస్తారా అని అడగండి, మీరే రాసిచ్చిన నోటు చేతిలో పెట్టండి, సగం మంది దాన్నే వేసేస్తారు. హద్దు దాటితే అడిగే దారి ఉంది. 2011లో ఓ తెలుగు న్యూస్ ఛానల్ హైదరాబాద్ గే యువకుల మీద రహస్యంగా వీడియో తీసి ప్రసారం చేస్తే, ప్రసార ప్రమాణాల సంస్థ లక్ష రూపాయల జరిమానా వేసి, క్షమాపణ ప్రసారం చేయించింది. అది ఫిర్యాదు రాసినవాళ్ల వల్లే జరిగింది.

మీ సొంత గ్రూపు గుట్టు కూడా చూసుకోండి. సభ్యుల లిస్టు గూగుల్ షీట్లో అసలు పేర్లతో పెట్టొద్దు. వాట్సాప్ గ్రూపులో ఎవరైనా ఎవరినైనా యాడ్ చేసే పద్ధతి తీసేయండి, మెసేజ్‌లు వాటంతటవే పోయే సెట్టింగు పెట్టండి. మీటింగులో ఫొటో తీస్తే అందరినీ అడిగి, మళ్లీ పోస్టు చేసేముందు విడిగా అడగండి. మీటింగులో ఒప్పుకున్నవాళ్లు రాత్రికి భయపడొచ్చు, అది వాళ్ల హక్కు. ఇంకొకరి విషయం వాళ్లకు చెప్పకుండా బయటపెట్టినవాడు, ఎంత పనిమంతుడైనా సరే, గ్రూపులో ఉండకూడదు. దీని మీద నేను బేరం ఆడను. హెచ్ఐవీ సంగతి అయితే 2017 చట్టం ప్రకారం ఒకరి స్టేటస్ అనుమతి లేకుండా చెప్పడమే తప్పు.

రిజిస్ట్రేషన్, బ్యాంకు ఖాతా, లెటర్‌హెడ్, వీటి కోసం తొందరపడకండి. సొసైటీ పెట్టాలంటే మన 2001 చట్టం ప్రకారం కనీసం ఏడుగురు కావాలి, అందరి పేర్లూ చిరునామాలూ కాగితం మీదికి వస్తాయి. మీలో ఎంతమంది అందుకు సిద్ధం? ఏడాది పాటు పేరు లేకుండానే పని చేయండి. జిరాక్సులకు, బస్సు చార్జీలకు తలా వందో రెండొందలో వేసుకోండి, నోటుబుక్కులో రాయండి, నెలాఖరున అందరికీ చూపించండి. గ్రూపులు విడిపోయేది సిద్ధాంతాల దగ్గర కాదు, ఈ నోటుబుక్కు దగ్గరే.

కలిసి బతుకుతున్న జంటలు మీకు తెలిస్తే వాళ్లకు ఒక పని చేసిపెట్టండి, ర్యాలీ కంటే వాళ్లు దీన్నే గుర్తుపెట్టుకుంటారు. జాయింట్ అకౌంటు తెరవడానికి, భాగస్వామిని నామినీగా పెట్టుకోవడానికి అడ్డేమీ లేదని కేంద్ర ఆర్థిక సేవల విభాగం 2024 ఆగస్టులో స్పష్టం చేసింది. బ్యాంకులో తెలియదంటే ఆ కాగితం చూపించండి. రేషన్ కార్డు విషయంలో అలాంటి జంటను ఒకే ఇంటివాళ్లుగా చూడమని రాష్ట్రాలకు కూడా రాశారు, అది మన సచివాలయాల్లో అమలవుతోందా అన్నది మీ రెండో అర్జీ కావచ్చు. నామినీతోనే ఆస్తి వచ్చేయదు కాబట్టి వీలునామా రాయించండి. తెల్లకాగితం చాలు, ఇద్దరు సాక్షులు ఉండాలి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, చేయిస్తే మంచిది.

జూన్‌లో ఏదో ఒకటి చేయాలని మరీ మనసు పీకుతుంటే టౌన్‌హాల్ తీసుకోండి. ఎవరు లోపలికి వస్తున్నారో చూసుకోవచ్చు, ఫోన్లు గుమ్మం దగ్గర పెట్టించొచ్చు. ఒక లాయర్, ఒక డాక్టర్, ఒక అమ్మ, ఒక ట్రాన్స్ పెద్ద, నలుగురు మాట్లాడితే చాలు. ఈలోపు మొదటి అర్జీ మీ చేత్తో రాసి, పేర్లు తీసేసి, ఇక్కడే కింద పెట్టండి. సోమవారం లోపు చూసి దిద్దిస్తా.